పగడాన్ని కొరికిన పాపం ఎవరిది?

ఉప్పునీటి అక్వేరియంలో పగడపు జీవులను పెంచేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. అదే తొట్టిలో వేసిన చేపో, పీతో, రాయిని అంటిపెట్టుకుని తెలియకుండా వచ్చిన పురుగో పగడాన్ని తినడం మొదలుపెడుతుంది. నిన్నటిదాకా పువ్వులా విచ్చుకున్న పాలిప్‌లు, అంటే పగడంలోని చిన్న చిన్న జీవులు, ముడుచుకుపోతాయి. కండ ఊడినచోట కింది రాయి బయటపడుతుంది. పెంపకందారులు అలాంటి ప్రాణికి ‘పెస్ట్’ అని పేరు పెడతారు. ఆ పేరు పడిందంటే సగం తీర్పు అయిపోయినట్టే, మిగతా సగం పట్టకారుతో అమలవుతుంది. తీర్పుకు ముందు ధర్మవిచారం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ హింసకు కర్త ఎవరు? కొరికిన చేపా, ఆ చేపను తెచ్చి పగడం పక్కన వేసిన మనిషా?

అబ్దుల్లాపూర్‌మెట్ లాంటి చోట నిలబడి అడిగితే ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. రంగారెడ్డి జిల్లాలోని ఈ మండలం గుండా పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. అక్కడికి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఎల్‌బీ నగర్ దాటాక ఈ రోడ్డు వెంట వెలసిన కాలనీల్లో ఎవరింట్లోనైనా రీఫ్ ట్యాంకు పెట్టాలంటే సముద్రపు నీళ్లు ఒక్క బిందె కూడా దొరకవు. ఆర్ఓ నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సింథటిక్ ఉప్పు కలుపుకోవాలి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటుతుంటే లోపల 25, 26 దగ్గర నిలపడానికి చిల్లర్ ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీదైనా పంపు నడవాలి. సూర్యుడి స్థానంలో టైమర్ పెట్టిన ఎల్ఈడీ లైటు, అలల స్థానంలో వేవ్‌మేకర్. ఎవరి పక్కన ఎవరు బతకాలో తేల్చేది కూడా ఇక్కడ ఆటుపోట్లు కావు, ఇంటివాళ్లే. సముద్రంలో లేని ఒక కర్త ఈ తొట్టికి ఉన్నాడు. మిగతా విచారమంతా అతని చుట్టూనే తిరుగుతుంది.

హాని చేసేవాటిలో అన్నిటిదీ ఒకే దారి కాదు. బటర్‌ఫ్లై చేపల్లో చాలా జాతులకు పగడపు పాలిప్‌లే తిండి. వాటిలో కొన్ని అది తప్ప మరొకటి నోట పెట్టవు, దొరక్కపోతే కళ్లముందే చిక్కి చనిపోతాయి. పెద్ద ఏంజెల్ చేపలు నాచుతో పాటు పాలిప్‌లనూ గిల్లుతాయి. నెలల తరబడి ముట్టుకోకుండా ఉన్న ఏంజెల్ ఒకరోజు ఉన్నట్టుండి మొదలుపెట్టడమూ మామూలే. ట్రిగ్గర్ చేపకూ పఫర్ చేపకూ పీత డొల్లను పగలగొట్టే పళ్లుంటాయి, వాటికి పగడం అడ్డేమీ కాదు. పెప్పర్‌మింట్ రొయ్య పగడపు నోటికి అందిన మేతను రాత్రిపూట లోపలికి చెయ్యి పెట్టి మరీ లాక్కుంటుంది. సన్యాసి పీత పగడాన్ని కావాలని తినదు గానీ మీదెక్కి నడుస్తూ రాయికి అతికించిన పగడపు ముక్కలను పడగొడుతుంది. క్లౌన్ చేపది ఇంకో కథ. తాను ఉండాల్సిన అనిమోన్ దొరకనప్పుడు అది మెత్తటి పగడంలోనే దూరి రోజంతా ఒళ్లు రుద్దుతూ దాన్ని విచ్చుకోనివ్వదు. అది కోరుతున్నది తిండి కాదు, ఇల్లు. పగడం మాత్రం నలిగి క్షీణిస్తుంది.

వీటన్నిటికంటే లోతుగా చూడదగ్గది జోయాంథిడ్‌లను తినే చిన్న నత్తజాతి ప్రాణి, న్యూడిబ్రాంక్. జోయాంథిడ్ అంటే చొక్కా గుండీ అంత చక్రం, దాని చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లా సన్నటి అంచు, గుత్తులు గుత్తులుగా రాయిని పరుచుకుని ఉంటుంది. ఒక గుత్తి రెండు మూడు రోజులు తెరుచుకోకుండా ఉంటే అనుభవమున్నవారు పగలు వెతకరు. లైట్లు ఆరిపోయిన గంట తర్వాత టార్చి తీసుకుంటారు. అప్పుడు కూడా చప్పున కనిపించదు. అది తిన్న పాలిప్‌ల రంగే దాని ఒంటికి వస్తుంది. వీపు మీది కుచ్చులు ఆ పాలిప్ అంచుల్లాగే ఉంటాయి. ఆకుపచ్చ గుత్తిని తిన్నది ఆకుపచ్చగా, నారింజ గుత్తిని తిన్నది నారింజగా. గుత్తిలో ఒక పాలిప్ నెమ్మదిగా జరిగినట్టు అనిపిస్తే అదే. ముక్కను నీళ్లలోంచి తీసి అడుగు తిప్పి చూస్తే కాడల మధ్య తెల్లటి దారం చుట్టలా గుడ్లు అంటుకుని ఉంటాయి. ఈ ప్రాణికి జోయాంథిడ్ తిండి మాత్రమే కాదు, దాక్కునే చోటు, పిల్లలను కనే చోటు కూడా. ఇంతగా ఒకదాన్నే నమ్ముకుని బతికేదాన్ని శత్రువు అనడానికి కాసేపు నోరు రాదు.

సముద్రంలో ఈ తినడాన్ని ఎవరూ నేరమనరు. భాగవతం ప్రథమ స్కంధంలో, ధృతరాష్ట్రుడు వెళ్లిపోయాడని కుమిలిపోతున్న ధర్మరాజుకు నారదుడు చెప్పిన మాటల్లో ఈ సంగతి ఉంది. చేతులున్నవాటికి చేతులు లేనివి, నాలుగు కాళ్లవాటికి కాళ్లు లేనివి, పెద్దవాటికి చిన్నవి ఆహారమవుతాయని, ఒక ప్రాణి బతుకు ఇంకొక ప్రాణి మీద నిలుస్తుందని నారదుడు అంటాడు. ఆ మాటలో సమర్థనా లేదు, ఖండనా లేదు. లోకం నడిచే తీరు చెప్పాడంతే. పగడం కూడా ఆ తీరుకు బయట లేదు. అది రాయి కాదు, పువ్వు కాదు, జంతువు. ప్రతి పాలిప్ చేతులకూ విషపు ముళ్ల కణాలుంటాయి, నీటిలో తేలే సూక్ష్మప్రాణులను వాటితోనే పొడిచి పట్టుకుంటుంది. కొన్ని రాతి పగడాలు రాత్రిపూట మామూలుకంటే ఎన్నో రెట్లు పొడవైన చేతులు చాచి పక్కనున్న పగడాన్ని కాలుస్తాయి. మెత్తటి లెదర్ కోరల్ చుట్టూ నీటిలోకి రసాయనాలు వదిలి పొరుగువాటిని ఎదగనివ్వదు. కొన్ని జోయాంథిడ్‌లలో పాలిటాక్సిన్ ఉంటుంది. అవి పట్టిన రాయిని శుభ్రం చేద్దామని మరిగించి, ఆ ఆవిరి పీల్చి మనుషులు ఆస్పత్రి పాలైన ఘటనలు వైద్యపత్రికలకు ఎక్కాయి. తొట్టిలో బాధితురాలిగా కనిపించేది కూడా నిరాయుధ కాదు.

పైగా తినేవి లేకపోతే పగడమే మిగలదు. కరీబియన్ సముద్రంలో 1983, 84 సంవత్సరాల్లో ఒక జబ్బు వచ్చి పొడుగు ముళ్ల నల్ల సముద్రపు అర్చిన్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నాచును మేసే చేపలు అంతకుముందే వేటవల్ల తగ్గిపోయి ఉన్నాయి, 1980లో పెద్ద తుపాను కూడా కొట్టింది. నాచు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి పగడపు దిబ్బలను కప్పేసింది. జమైకా దగ్గర 1970ల చివర్లో దిబ్బ నేలలో సుమారు సగం మేర బతికున్న పగడం 1990ల మొదట్లోకి వచ్చేసరికి 5 శాతం లోపుకు పడిపోయింది. ఇంటి తొట్టిలో అదే అర్చిన్ ముళ్లతో పగడపు ముక్కలను దొర్లిస్తుంది కాబట్టి పనికిరాని జీవుల పట్టికకు ఎక్కుతుంది. జీవి ఒకటే, గుణమూ ఒకటే, చుట్టూ ఉన్న చోటు మారింది. జైనుల తత్త్వార్థసూత్రం ఐదో అధ్యాయం జీవులు ఒకదానికొకటి ఉపకరిస్తాయని చెబుతుంది. దిబ్బ మీద దీనికి కళ్లెదుటి ఉదాహరణ ట్రపీజియా అనే చిన్న పీత. అది పగడపు కొమ్మల మధ్య కాపురముంటుంది, పగడం విడిచే జిగురు తింటుంది. పగడాన్ని జీర్ణించుకోవడానికి ముళ్లకిరీటపు నక్షత్రచేప మీదికెక్కితే దాని మెత్తటి పాదాలను గిల్లి గిల్లి వెళ్లగొడుతుంది. పీత అనగానే తీసి పారేసే పెంపకందారు ఆ కావలివాడినీ తీసేస్తాడు.

అద్దం అడ్డం వచ్చాక ఈ లెక్క మొత్తం మారుతుంది. సముద్రంలో బటర్‌ఫ్లై చేప ఒక గుత్తిని రెండుసార్లు గిల్లి ముందుకు సాగిపోతుంది. పగడం కోలుకుంటుంది, చేపకు ఇంకో గుత్తి దొరుకుతుంది. నాలుగడుగుల తొట్టిలో చేపకు పోయేచోటు లేదు, పగడానికి కోలుకునే వ్యవధి లేదు. ఆకలి అదే, పళ్లూ అవే. వ్యవధి, దూరం రెండూ తీసేసింది మాత్రం మనిషి.

సృష్టికర్త విషయంలో ఇదే ప్రశ్నను వేదాంతులు చాలా ముందే అడిగారు. ఒకడిని సుఖపెట్టి ఇంకొకడిని దుఃఖపెట్టే లోకాన్ని చేసినవాడికి పక్షపాతం, క్రూరత్వం అంటవా అని. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో దీనికి సమాధానం ఉంది, శంకరుల భాష్యం దాన్ని వానతో పోల్చి వివరిస్తుంది. వాన అన్ని విత్తనాలకూ ఒకేలా పడుతుంది. వరి వరిగా, యవలు యవలుగా మొలవడానికి కారణం ఆ విత్తనాల్లో ఉన్న శక్తే. అలాగే ఈశ్వరుడు అందరికీ సాధారణ కారణం, తేడాలు జీవుల కర్మవల్ల వస్తాయి. ఈ సమాధానం ఈశ్వరుడికి సరిపోతుందా లేదా అన్నది మతాల మధ్య నేటికీ నడుస్తున్న వాదం. తొట్టి యజమానికి మాత్రం ఇది ఏ కోశానా సరిపోదు. అతను వాన కాడు. విత్తనాలు ఏరి తెచ్చింది అతనే. ఏ చేప ఏమి తింటుందో షాపువాడిని అడిగి ఉండొచ్చు, పుస్తకం చూసి ఉండొచ్చు, చూడకుండా రంగు బావుందని తెచ్చి ఉండొచ్చు. పసుపు చారల బటర్‌ఫ్లై చేపను సంచిలో పట్టుకుని ఇంటికి వస్తున్న క్షణానే పగడం గతి చాలావరకు తేలిపోయింది. ధర్మశాస్త్రాలు కూడా చేసినవాడితో ఆగవు. చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు అందరూ ఫలంలో భాగస్థులే అంటాయి. జైనులు దీన్నే చేయడం, చేయించడం, ఒప్పుకోవడం అని మూడుగా విడదీస్తారు. చేపకు పగడం అంటే ఏమిటో తెలియదు, తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

కంచె వేసినవాడికి బాధ్యత వస్తుందన్న సంగతి ఈ దారిలో పోయేవారికి కొత్త కాదు. ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ రోడ్డున బయల్దేరితే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. 1975లో వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆ పార్కుకు ఆయన పేరు పెట్టారు. అహింసను పరమధర్మంగా చాటినవాడి పేరుతో కృష్ణజింకలకు కాపుదల. జింకలను తినే పులి అక్కడ లేదు, ఉండకూడదు కూడా. ఉండకూడదని తేల్చింది మనుషులు. అందుకే వాటి మేత, నీళ్లు, జబ్బులు, కంచె అవతలి రోడ్డు ప్రమాదాలు అన్నీ మనుషులే చూసుకోవాలి. పులిని దూరం పెట్టిన చెయ్యే మిగతా పనులనూ నెత్తికెత్తుకుంటుంది. ఇంటి తొట్టి కూడా అలాంటి కంచే, ఇంకా చిన్నది, ఇంకా బిగువైనది.

తూకం వేయాల్సి వస్తే పగడం ఎక్కువా, చేప ఎక్కువా అన్నది తర్వాతి ప్రశ్న. జైన ఆగమాల్లో ఒకటైన ఉత్తరాధ్యయన సూత్రం ముప్పై ఆరో అధ్యాయం జీవులను ఇంద్రియాల లెక్కన వర్గీకరిస్తుంది. అందులో పగడం ఉప్పు, ఇనుము, బంగారం, హరితాళాలతో పాటు పృథ్వీకాయాల వరుసలో కనిపిస్తుంది. అంటే స్పర్శ ఒక్కటే ఉన్న భూమిశరీరం. శంఖాలకు రెండు ఇంద్రియాలు, చేపలకు ఐదు. ఆ లెక్కన చేపను హింసించడం పగడాన్ని హింసించడం కంటే చాలా పెద్ద పాపం. పగడం జంతువని ఐరోపాలో గట్టిగా చెప్పింది ఫ్రెంచి వైద్యుడు పేసోనెల్, 1720లలో. అప్పటిదాకా అక్కడి పండితులు దాన్ని సముద్రపు మొక్క అనుకున్నారు. ఆయన నివేదికను ప్యారిస్ అకాడమీ నమ్మలేదు. రచయిత నవ్వులపాలు కాకుండా అకాడమీలోని శాస్త్రవేత్త రెయోమ్యూర్ ఆయన పేరు చెప్పకుండానే దాన్ని సభలో వినిపించాడు. ఈ పోలికలో మన ఆగమకారులదే ఒక రకంగా పైచెయ్యి. పగడాన్ని రాళ్ల పక్కన పెట్టినా దానిలో జీవుడున్నాడని, దానికి స్పర్శ ఉందని వాళ్లు ఒప్పుకున్నారు.

నేటి జీవశాస్త్రం పగడానికి మెదడు లేదని, ఒళ్లంతా పరుచుకున్న నాడీ వల మాత్రం ఉందని చెబుతుంది. చేపకు మెదడు ఉంది, నొప్పిని గ్రహించే నాడులున్నాయి. 1975లో వెలువడిన ‘యానిమల్ లిబరేషన్’లో తత్త్వవేత్త పీటర్ సింగర్, బాధను అనుభవించే ప్రాణుల గీత రొయ్యకూ ఆల్చిప్పకూ మధ్య ఎక్కడో పడుతుందని అంచనా వేశాడు. ఆ గీతలో పగడం ఆల్చిప్ప వైపే ఉంటుంది. ప్రాచీన జైన గణితం, ఆధునిక సుఖదుఃఖ గణితం ఇక్కడ ఒకే చోటికి వస్తాయి. చేప ప్రాణం బరువు. అయితే పగడాన్ని తేలిగ్గా తీసేయడానికీ వీల్లేదు. ఒక గుత్తిలో వేల పాలిప్‌లు ఒకే కండతో అతుక్కుని ఉంటాయి. ముక్క విరిచి వేరే రాయికి అతికిస్తే అది వేరే పగడమై పెరుగుతుంది. అందులో జీవుడు ఒకడా, వేలమందా? నాలుగు పాలిప్‌లు పోతే అది గాయమా, నాలుగు చావులా? బంగాళాదుంప లాంటి దుంపలో ఒకే శరీరాన్ని లెక్కలేనన్ని జీవులు పంచుకుంటాయని జైనులు చెప్పే సిద్ధాంతాన్ని పగడం గుర్తుకు తెస్తుంది. ఎంతమందో తేలని చోట ఎంత హింసో తేల్చడం ఎవరి తరం? మంగళసూత్రంలో నల్లపూసల పక్కన పగడం గుచ్చుకునే తెలుగువారికి, కుజదోషానికి పగడపు ఉంగరం పెట్టుకునేవారికి ఈ ఎర్ర రాయి ఒకప్పుడు ఊపిరి ఉన్న ఇల్లని అనిపించడం అరుదు. అనిపించాలి.

మన దేశపు చట్టం ఈ విషయంలో ముందే నిలబడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోకి 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ చేరాయి. పులి ఉన్న షెడ్యూలే అది. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీపం నుంచో, అండమాన్ నుంచో తవ్వి తెచ్చిన రాతి పగడం ఎవరి తొట్టిలో ఉన్నా, దాన్ని కొరికే చేపకంటే ముందు దాన్ని అక్కడ పెట్టిన చేతి సంగతి తేలాలి. ఆ జాబితాలో లేని జోయాంథిడ్‌లు, మష్రూమ్ కోరల్, లెదర్ కోరల్ లాంటి మెత్తటి జాతుల విషయంలోనే ఇంటి తొట్టి ప్రశ్న న్యాయంగా మొదలవుతుంది.

దోషి ఎవరో నిర్ణయించడం కూడా అనుకున్నంత సులువు కాదు. రీఫ్ తొట్టిలో అందరికంటే ఎక్కువగా నిందపడేది బ్రిసిల్ వార్మ్, ఒంటి నిండా గాజు నూగు లాంటి ముళ్లున్న పురుగు. ఉదయం లేచి చూస్తే చచ్చిన పగడం మీద అదే పాకుతూ ఉంటుంది. చంపింది ఇదేనని వెంటనే పట్టుకుంటారు. చాలా జాతుల విషయంలో అది చచ్చినదాన్ని తినడానికి వచ్చింది, అంతే. అది తినకపోతే ఆ కండ కుళ్లి అమోనియా పెరిగి తొట్టి మొత్తం పాడయ్యేది. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న ముని నోరు విప్పలేదు. సొమ్ము దొరికిన చోట ఉన్నాడు కాబట్టి రాజు ఆయన్నీ దొంగలతో పాటు కొరత వేయించాడు. ఆ కథ అక్కడితో ఆగదు. ఏ పాపానికి ఈ శిక్ష అని మాండవ్యుడు యముణ్ణి నిలదీస్తే, చిన్నతనంలో పురుగులను గడ్డిపోచతో గుచ్చినందుకని జవాబు వచ్చింది. తెలియని వయసు తప్పుకు ఇంత శిక్షా అని ముని యముణ్ణే శపించాడు. పురుగును గుచ్చడం అంత చిన్న విషయంగా కథకులు చూడలేదు, తెలియక చేసినదాన్ని తెలిసి చేసినదానితో సమానంగానూ చూడలేదు. పట్టకారు తీసేముందు రెండు మూడు రాత్రులు టార్చితో కాపలా కాయడం పెంపకం మెలకువ మాత్రమే కాదు, సాక్ష్యం చూడకుండా శిక్ష వేయకూడదన్న ధర్మం కూడా.

దోషం రుజువయ్యాక ఏం చేయాలి? ఇక్కడ తెలుగువారికి బాగా తెలిసిన కథ శిబి చక్రవర్తిది. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒళ్లో వాలింది, రాజు అభయమిచ్చాడు. డేగ వచ్చి వాదానికి దిగింది. ఈ పావురం నాకు విధి ఏర్పరచిన ఆహారం, దీన్ని నువ్వు దాస్తే నేనూ నా పిల్లలూ చస్తాం, ఒకరిని కాపాడి పదిమందిని చంపేది ధర్మమెలా అవుతుందని దాని వాదన. ఈ వాదనను కథలో ఎవరూ తప్పని కొట్టిపారేయలేదు. రాజు డేగను పాపి అనలేదు, చంపించనూ లేదు. తన తొడ కండ కోసి తూకంలో వేశాడు. డేగ రూపంలో ఇంద్రుడు, పావురం రూపంలో అగ్ని వచ్చారన్నది తర్వాతి మాట. కథ నిలబెట్టిన న్యాయం ఇది. అభయమిచ్చినవాడు ఆ అభయం ఖరీదును తన దగ్గర్నుంచి ఇవ్వాలి, డేగ ప్రాణంలోంచి కాదు. రీఫ్ తొట్టిలో ఆ కండ అంటే రెండో చిన్న తొట్టి, దానికి మళ్లీ ఉప్పు, కరెంటు బిల్లు, వల పట్టుకుని గడిపిన ఆదివారాలు, ఒక్కోసారి చేపను పట్టడానికి రాళ్లన్నీ తీసి పేర్చిన అందమైన దిబ్బను కూల్చుకోవడం. ఎంతో ఇష్టపడి పెంచిన పగడాన్ని వేరేవారికి ఇచ్చేసి చేపను ఉంచుకోవడం కూడా అందులోదే. ఇది బరువైన తూకం. పావురం వైపు తక్కెడ ఎంతకీ పైకి లేవని కథ కదా అది.

చేపను, పెద్ద పీతను ఇలా కాపాడొచ్చు. న్యూడిబ్రాంక్‌ను కాపాడటం కుదరదు. జోయాంథిడ్ లేకుండా అది బతకదు, దానికోసం జోయాంథిడ్ పెంచితే మరో తొట్టినిండా అదే పెరుగుతుంది. పెంపకందారులు చేసేది ముక్కను అయోడిన్ కలిపిన ఉప్పునీటిలో కొన్ని నిమిషాలు ముంచడం. పురుగులు మెలితిరిగి రాలిపోతాయి. గుడ్లు మాత్రం చావవు, వాటిని సన్నటి పట్టకారుతో గీకి తీయాలి, వారం పది రోజులకు మళ్లీ ముంచాలి. ఇది హింసే, మరో పేరు లేదు. జైన గృహస్థ ధర్మం హింసను నాలుగు రకాలుగా విడదీస్తుంది: కావాలని చేసేది, ఇల్లు నడపడంలో తప్పనిది, వృత్తిలో తప్పనిది, ఆత్మరక్షణలో జరిగేది. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా మానాలి, మిగతావాటిని వీలైనంత తగ్గించుకోవాలి. మనుస్మృతి ఇంటిలో ఐదు వధ్యస్థానాలున్నాయంటుంది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. నీళ్లకుండ ఆ పట్టికలో ఉండటం ఆలోచింపజేస్తుంది. నీళ్లు నిలవచేసే ప్రతి ఇల్లూ ఎంతోకొంత చంపుతుంది, అందుకు రోజూ ఐదు యజ్ఞాలతో ఋణం తీర్చుకోవాలని ఆ గ్రంథం విధిస్తుంది.

కానీ పొయ్యికీ రీఫ్ తొట్టికీ ఒక తేడా ఉంది. పొయ్యి లేకపోతే ఇల్లు నడవదు, తొట్టి లేకపోయినా నడుస్తుంది. అందుకే తొట్టిలోని హింసను ‘తప్పని హింస’ గదిలో వేయడానికి సందేహించాలి. మహాభారతంలో, మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి బోధించిన తీరు ఇక్కడ దారి చూపుతుంది. నాగలి దున్నేవాడు కూడా మట్టిలో ఎన్నో ప్రాణులను చంపుతాడు, పూర్తి అహింసతో బతికేవాడు ఎవడూ లేడని అతను ఒప్పుకున్నాడు. ఆ సాకుతో తన పనిని మంచిదని చెప్పుకోలేదు. అది ఘోరమైన పనే అన్నాడు, తాను స్వయంగా ప్రాణి వధ చేయనన్నాడు. ముక్కను అయోడిన్‌లో ముంచేవాడికి అంతటి నిజాయితీ ఉండాలి. పురుగులు రాలుతుంటే చూపు తిప్పుకోకూడదు. కొత్త ముక్క ఏదైనా మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, గుడ్లు లేవని చూసుకున్నాకే పెద్ద తొట్టిలో వేయాలి. ఆ జాగ్రత్త తీసుకున్న ఇంట్లో ముంచాల్సిన అవసరం అరుదుగా వస్తుంది, ఒక ముక్క దగ్గర చేసిన హింస వంద ముక్కల దాకా పాకదు.

ఒక ప్రాణిని మరో ప్రాణితో చంపించడం ఇంకో పద్ధతి. అయిప్టేసియా అనే గాజురంగు అనిమోన్ ముట్టుకుంటే కాలుతుంది, తుంపితే ప్రతి తునకా మళ్లీ మొలుస్తుంది. దాన్ని తప్ప మరేదీ తినని బెర్ఘియా న్యూడిబ్రాంక్‌ను తెచ్చి వదులుతారు. పని శుభ్రంగా జరుగుతుంది. ఆఖరి అయిప్టేసియా అయిపోయిన తర్వాత బెర్ఘియాకు తిండి ఉండదు, ఆకలితో చస్తుంది. దాన్ని తెచ్చినరోజే ఈ ముగింపు తెలుసు. చేయించడం అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఈ మార్గం ఎంచుకునేవారు మిగిలిన బెర్ఘియాలను ఏరి, అయిప్టేసియా బాధ ఉన్న మరొకరికి అందించడం కనీస ధర్మం, చాలామంది అలాగే చేస్తారు కూడా.

చెరువులోనో సముద్రంలోనో వదిలేస్తే పుణ్యం కదా అనేవారుంటారు. ఉప్పునీటి జీవిని ఊరి చెరువులో వేయడమంటే చంపడమే. బతికేదాన్ని వదిలితే మరో రకం హింస మొదలవుతుంది. అక్వేరియంలలో పెంచిన సక్కర్ ఫిష్ మన నదులు, చెరువుల్లోకి చేరి దెయ్యం చేపగా పేరుతెచ్చుకుంది. దాని ముళ్లకు జాలరుల వలలు చిరిగిపోతున్నాయి. ఇండో పసిఫిక్ సముద్రాల లయన్‌ఫిష్ అట్లాంటిక్‌లో పడి అక్కడి దిబ్బల చిన్న చేపలను ఊడ్చేస్తోంది. మన్నార్ సింధుశాఖలో సాగుకోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే నాచు కురుసడై దీవి దగ్గర బతికున్న పగడాల మీద పరుచుకోవడాన్ని 2008లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అది ఎవరినీ కొరకలేదు. వెలుతురు అందకుండా కప్పింది, అంతే. దాన్ని అక్కడికి తెచ్చింది కూడా మనుషులే.

అబ్దుల్లాపూర్‌మెట్‌లోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఓపికున్న పెంపకందారు చివరికి చేరే ఏర్పాటు సామాన్యమైనది. పెద్ద తొట్టి కింద అల్మారాలో సంపు ఉంటుంది, నీటిని వడకట్టే రెండో తొట్టి. అందులో ఒక అర రాళ్లకూ నాచుకూ కేటాయిస్తారు. రాత్రి టార్చి వెలుగులో పట్టుబడిన నల్లటి బొచ్చు పీతను, పగడాలను దొర్లించిన అర్చిన్‌ను, పాలిప్‌లను గిల్లిన రొయ్యను అక్కడికి దించుతారు. పైన పగడం ఉన్న నీరే పైపులోంచి కిందికి దిగి, వాటి మీదుగా పారి, పంపు ఎక్కి మళ్లీ పైకి పోతుంది. పీతకు రెండు రోజులకోసారి ఎండురొయ్య ముక్క వేస్తే చాలు. అది రాయి సందులోంచి ఒక కాలు, తర్వాత రెండో కాలు చాపి, ముక్కను లోపలికి లాక్కుంటుంది.